మైదానం, గూడు, వారసత్వం: బస్తీ చేతిలో ఉండవలసిన నిధి

(మైనారిటీ హక్కుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు ఆడుకునే ఖాళీ జాగా, పేదవాడు అద్దె కట్టగలిగే ఇల్లు, తాతముత్తాతల నాటి కట్టడాలు, ఖబరస్తాన్‌లు. ఈ మూడింటినీ కాపాడుకోవడానికి స్థానికంగా నిధి ఎలా ఏర్పడాలి అన్నది నేడు నాకప్పగించిన విషయం. ఈ మూడింటినీ మనం ఇంతవరకు మూడు వేర్వేరు విన్నపాలుగా, ముగ్గురు వేర్వేరు నాయకుల ఇళ్ల ముందు నిలబడి అడుగుతూ వచ్చాము. ఖబరస్తాన్ ప్రహరీ కోసం ఒకరిని, ఇంటి పట్టా కోసం మరొకరిని, శిథిలమైన కమాను కోసం ఇంకొకరిని ఆశ్రయించాము. ఎన్నికల ముందు శంకుస్థాపన జరుగుతుంది, ఎన్నికలయ్యాక శిలాఫలకం మిగులుతుంది. ఈ మూడూ ఒకే హక్కుకు మూడు ముఖాలనీ, వాటికి పురపాలక బడ్జెట్టులో ఒక పద్దు, ఆ పద్దుపై ప్రజల పర్యవేక్షణ ఉండాలనీ మీ ముందు నివేదించడం నా ఉద్దేశం.

ఖాళీ జాగా విలాసం కాదు

ఖాళీ స్థలమంటే కలవారి కాలనీలలోని పచ్చిక పార్కులని మనలో చాలామంది భావిస్తారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు వేలాది ప్రాణాలు పోయాయి. ఆ విపత్తు నుండి నేర్చుకున్న పాలకులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీలను విడదీసి, వీధులను వెడల్పు చేసి, సామాన్యులకు తక్కువ అద్దె ఇళ్లు కట్టించడం దాని పనులలో భాగం. నీటికి దారి, మనిషికి గాలి, పేదవాడికి ఇల్లు ఒకే ప్రణాళికలో ఉండాలని నూరేళ్ల క్రితమే ఈ నగరం గుర్తించింది.

ఆ పాఠాన్ని మరచిపోయిన ఫలితం 2020 అక్టోబరులో కనిపించింది. పాతబస్తీ శివార్లలో చెరువుల కట్టలు తెగి, అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. చెరువు శిఖంలో ఎవరో ప్లాట్లు వేశారు, ఎవరో అమ్మారు, ఎవరో కళ్లు మూసుకున్నారు. కష్టార్జితంతో కొన్న కుటుంబాలే మునిగాయి. ఖాళీగా ఉండవలసిన నేలను ఖాళీగా ఉంచడం పేదల ప్రాణరక్షణ అని ఆ నీళ్లు చెప్పాయి.

మన మొహల్లాలలో మిగిలిన ఖాళీ నేల చాలావరకు ఈద్గాహ్‌లు, ఖబరస్తాన్‌లు, దర్గాల ఆవరణలు. సంవత్సరానికి రెండు పండుగ నమాజులు పోను, ఈద్గాహ్ మైదానమే అనేక పట్టణాలలో పిల్లల ఆటస్థలం, పెద్దల నడక బాట. దాని హద్దు చెరిగితే ఒక మతం వారి నష్టంగా మాత్రమే లెక్కించడం పొరపాటు. ఆ వార్డు మొత్తం ఊపిరి కోల్పోతుంది.

న్యాయస్థానాలు కూడా ఈ విషయంలో మనకు దన్నుగా ఉన్నాయి. బెంగళూరులో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చినప్పుడు ఆ ప్రాంత నివాసులు కోర్టుకెళ్లారు. బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసుగా పేరుపడిన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1991లో నివాసుల పక్షాన తీర్పు చెప్పింది. ఖాళీ స్థలంపై పక్కింటివాడికి కూడా మాట్లాడే హక్కు ఉన్నదని ఆ తీర్పు స్పష్టం చేసింది.

ఇల్లు ఇచ్చి ఇరుగుపొరుగును తీసుకుంటే

ఇక గూడు సంగతి. రెండు పడకగదుల ఇళ్ల పథకం కింద సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒకే చోట 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. పక్కా ఇల్లు దొరకడం చిన్న విషయం కాదు. ఆ ఇంటిని పొందిన తల్లి సంతోషాన్ని ఎవరూ తక్కువ చెయ్యరాదు. కానీ చార్మినారు చుట్టుపక్కల గాజుల పని, జరీ పని, తోపుడు బండి మీద బ్రతికే కుటుంబానికి నగరం పడమటి అంచున ఇల్లిస్తే బస్సు ఛార్జీకే సగం సంపాదన పోతుంది. మదరసా, ఉర్దూ బడి, అప్పిచ్చే కిరాణా కొట్టు, కాన్పు సమయంలో పరుగెత్తుకొచ్చే పిన్నమ్మ, జనాజా మొయ్యడానికి వచ్చే పొరుగువారు ఆ ఇంటితో పాటు రారు. 2024లో చాదర్‌ఘాట్ వద్ద మూసానగర్, శంకర్‌నగర్‌లలో మూసీ ఒడ్డు ఇళ్లను తొలగించినప్పుడు కూడా ప్రజలు ముందుగా అడిగిన ప్రశ్న, ‘మమ్మల్ని ఎంత దూరం పంపుతారు?’ అన్నదే. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలోనూ పేదల ఇళ్ల కాలనీలు ఊరి చివరి పొలాలలోనే వెలిశాయి.

సొంత స్థలం ఉంటే ప్రభుత్వం 5 లక్షల రూపాయలిచ్చే ఇందిరమ్మ ఇళ్ల పథకం ఉన్నది. కానీ పాత పట్టణాలలో మన ఇళ్ల కాగితాలు ఏ స్థితిలో ఉన్నాయి? తాత పేరిట ఉన్న ఇంటిలో పదిమంది వారసులు. పంపకం జరగలేదు, పేరు మార్పిడి జరగలేదు. నలుగురు అన్నదమ్ములు తలా ఒక గది. ఆడబిడ్డల వాటా మాటలోనే ఉంటుంది, దస్తావేజులోకి రాదు. షరీఅత్ ఇచ్చిన వాటాను కాగితం మీద పెట్టకపోవడం వల్ల ఆ ఆడబిడ్డ రెండు విధాల నష్టపోతున్నది: పుట్టింటి ఆస్తీ దక్కదు, ప్రభుత్వ పథకమూ దక్కదు. అద్దెకుంటున్నవారి గోడు అసలే వినిపించదు.

నివాసం జీవించే హక్కులో భాగమని 1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న ఆదేశించింది. ఈ తీర్పులు కూలగొట్టే చేతిని ఆపగలవు. కట్టే చెయ్యి కావాలంటే నిధి కావాలి.

గోల్కొండ చెప్పే సంగతి

కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణాన్ని చూడండి. 106 ఎకరాలు. 2013లో రాష్ట్ర ప్రభుత్వమూ ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టూ కలిసి ఆరంభించిన పునరుద్ధరణ 2024లో ముగిసింది. కూలిపోయిన బడీ బావ్లీ మళ్లీ నిలబడింది. అక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. డబ్బు, ప్రణాళిక, నిపుణుడైన మేస్త్రీ, పదేళ్ల ఓపిక కలిస్తే ఏమి సాధ్యమో ఇది నిరూపించింది. అయితే ప్రపంచ ప్రసిద్ధ స్మారకానికి దాతలు వస్తారు. మీ వీధిలోని ఆషూర్‌ఖానాకు, కమానుకు, పూడిపోయిన బావికి ఎవరు వస్తారు? పాతబస్తీ కోసమే 1981లో కులీకుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. సంస్థ ఏర్పడినంత మాత్రాన సరిపోదనీ, ఏటేటా తప్పక వచ్చే రాబడి లేని సంస్థ బోర్డుగా మిగిలిపోతుందనీ పాతబస్తీవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

వక్ఫ్: మన ఇంటి పాఠం

మూలాన్ని నిలిపి, ఫలాన్ని ప్రజలకు పంచడం మనకు కొత్త ఆలోచన కాదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని అందరికీ వదిలిపెట్టారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమిని అమ్మరాని ఆస్తిగా చేసి, దాని రాబడిని పేదలకు, బాటసారులకు అంకితం చేశారు. దక్కనులో బావులు, సరాయిలు, తోటలు, మదరసాలు ఈ పద్ధతిలోనే నిలిచాయి. స్థానిక ప్రజా నిధి అంటే ఏమిటో మన పూర్వీకులు ఆచరించి చూపారు.

ఆ సంపద ఏమయింది? 2006లో సచార్ కమిటీ దేశంలో 4.9 లక్షల రిజిస్టరు వక్ఫ్ ఆస్తులు, సుమారు 6 లక్షల ఎకరాల భూమి ఉన్నట్లు లెక్కించింది. వాటి మార్కెట్టు విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలని, ఏటా వస్తున్న ఆదాయం మాత్రం 163 కోట్లని చెప్పింది. సరిగా వినియోగిస్తే ఏటా 12,000 కోట్లు రాగలవని అంచనా వేసింది.

మణికొండ జాగీరు కేసును మీలో చాలామంది బాధతో గుర్తుంచుకొని ఉంటారు. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని మనం వాదించిన 1,654 ఎకరాల భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1989 గెజిట్‌లో ప్రకటించినది 5,506 చదరపు గజాలు మాత్రమే. మిగిలిన విస్తీర్ణాన్ని 2006లో సవరణ ప్రకటన ద్వారా చేర్చారు. ఆ సవరణ చెల్లదని కోర్టు తేల్చింది. తీర్పుతో ఎవరు ఏకీభవించినా, విభేదించినా, పాఠం ఒక్కటే: సర్వే సకాలంలో, గెజిట్ సక్రమంగా, హద్దురాయి నేలమీద ఉండాలి. 2025 సవరణ చట్టంతో ఈ జాగ్రత్త మరింత అవసరమయింది. వక్ఫ్ ఆస్తులకు కాలపరిమితి చట్టం వర్తించదన్న పాత రక్షణ తొలగిపోయింది. ఆక్రమణ జరిగినా సరే, ఎప్పుడో దావా వేద్దామనుకుంటే ఇక కుదరదు.

మరొక మాట. వక్ఫ్ ఉన్నది కదా అని పురపాలక సంఘం తన బాధ్యత నుండి తప్పుకోరాదు. మనం కూడా ఆస్తిపన్ను, నీటి పన్ను కడుతున్నాము. కాలువ, పార్కు, శ్మశానం, ఖబరస్తాన్ పౌరులందరికీ సమకూర్చవలసిన సేవలు.

మసాచుసెట్స్ అనుభవం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2000 సెప్టెంబరులో ఒక చట్టం వచ్చింది. దాని పేరును మన భాషలో సామాజిక పరిరక్షణ చట్టమనవచ్చు. ఏ పట్టణమైనా ప్రజాభిప్రాయ ఓటింగు ద్వారా దానిని స్వీకరించవచ్చు. స్వీకరించిన పట్టణం ఆస్తిపన్నుపై గరిష్ఠంగా 3 శాతం అదనపు రుసుము వేసుకుంటుంది. పేద కుటుంబాలకు, ఇంటి విలువలో మొదటి లక్ష డాలర్లకు మినహాయింపు ఇచ్చే వీలున్నది. భూమి దస్తావేజుల రిజిస్ట్రేషన్ రుసుము నుండి రాష్ట్రం కొంత వాటా కలుపుతుంది. ఏటా వచ్చిన సొమ్ములో కనీసం పదేసి శాతం చొప్పున ఖాళీ స్థలాలకు, చారిత్రక కట్టడాలకు, అందుబాటు ధర ఇళ్లకు కేటాయించి తీరాలి. మిగిలిన 70 శాతాన్ని పట్టణం తన అవసరాన్ని బట్టి పంచుకుంటుంది.

ఇందులో గమనించవలసినది కమిటీ. 5 నుండి 9 మంది సభ్యుల కమిటీ బహిరంగ విచారణ జరిపి పనులను సిఫారసు చెయ్యాలి. పట్టణ సభ ఆ మొత్తాన్ని ఆమోదించవచ్చు, తగ్గించవచ్చు, తిరస్కరించవచ్చు. కమిటీ సిఫారసు చెయ్యని పనిని సొంతంగా చేర్చలేదు. నాయకుడి ఇష్టానుసారం నిధి మళ్లకుండా ఇది అడ్డుకట్ట.

లోపాలూ ఉన్నాయి. చట్టాన్ని ముందుగా స్వీకరించినవాటిలో సంపన్న పట్టణాలే ఎక్కువ. పేదలు ఎక్కువగా ఉండే బోస్టన్, స్ప్రింగ్‌ఫీల్డ్ వంటి నగరాలు 2016 వరకు చేరలేదు. మొదట్లో పట్టణం సమకూర్చినంత సొమ్ము రాష్ట్రమూ ఇచ్చేది. చేరిన పట్టణాలు పెరిగేకొద్దీ ఆ వాటా తగ్గింది. కొన్ని పట్టణాలు అడవులకు ఉదారంగా ఇచ్చి, పేదల ఇళ్లకు కనీస వాటాతో సరిపెట్టాయి. మరోవైపు కేంబ్రిడ్జి నగరం చాలా ఏళ్లపాటు 80 శాతం సొమ్మును ఇళ్లకే ఇచ్చింది. ఒకే చట్టం ఇద్దరి చేతిలో రెండు విధాలుగా పనిచేసింది. కమిటీలో ఎవరు కూర్చున్నారన్నదే తేడా.

మన చట్టంలో ఉన్న మార్గాలు

ఇదంతా పరదేశపు ముచ్చట అని కొట్టివేయకండి. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. మురికివాడల అభివృద్ధి, పార్కులు, ఆటస్థలాలు, సాంస్కృతిక అభ్యున్నతి, ఖననవాటికలు అందులో ఉన్నాయి. నేడు మనం మాట్లాడుకుంటున్న మూడు అంశాలకూ పురపాలక సంఘమే సరైన చిరునామా అని దీని అర్థం.

ఆస్తిపన్నుపై ప్రత్యేక రుసుము కూడా మనకు తెలిసినదే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఆస్తిపన్నుతో పాటు వసూలవుతున్నది. ప్రజలు అడక్కుండానే కడుతున్నారు. కానీ వసూలైన సెస్సును పురపాలక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చెయ్యక బకాయిలు పేరుకుపోయిన ఉదంతాలు అనేకం. రుసుము వేయడం సులభం. దానిని వేరే ఖాతాలో ఉంచి, ఏటా లెక్క చెప్పించడమే కష్టం.

రెండవది లేఅవుట్ల క్రమబద్ధీకరణ. తెలంగాణలో 2020 ఆగస్టు 31 నాటి 131వ జీవో కింద, 10 శాతం ఖాళీ స్థలం వదలని అనధికార లేఅవుట్లలో ప్లాటు కొన్నవారు స్థలం విలువలో 14 శాతం ఖాళీ స్థలపు రుసుము కట్టాలి. 10 లక్షల విలువైన ప్లాటుకు లక్షా 40 వేలు. వదలవలసినవాడు రియల్ ఎస్టేటు వ్యాపారి, కట్టేవాడు కొన్న పేదవాడు. ఇలా వసూలైన సొమ్ముతో ఆ బస్తీలో పార్కు వచ్చిందా అని అడిగే హక్కు కట్టినవారికి ఉన్నది.

మూడవది, 2019 తెలంగాణ పురపాలక చట్టం. హైదరాబాదు వెలుపలి పురపాలక సంఘాలు బడ్జెట్టులో 10 శాతం హరిత పద్దుకు కేటాయించాలని అది నిర్దేశించింది. ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో పదిహేనేసి మంది సభ్యుల నాలుగు కమిటీలు ఉండాలన్నది. మీ వార్డు కమిటీలలో మన స్త్రీలు ఎందరున్నారు? ఈ ప్రశ్న ఇంటికి వెళ్లాక తప్పక వేసుకోవాలి.

రెండు అభ్యంతరాలు

ప్రజల పన్నును మత కట్టడాలకు ఎలా ఇస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక మత పోషణ కోసం పన్ను కట్టాలని ఎవరినీ నిర్బంధించరాదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతున్నది. గుజరాత్ అల్లర్లలో దెబ్బతిన్న ప్రార్థనాస్థలాల మరమ్మతు ఖర్చును రాష్ట్రమే భరించాలన్న హైకోర్టు ఆదేశాన్ని 2017లో సుప్రీంకోర్టు పక్కనపెట్టి, 50 వేల రూపాయల పరిమితితో రాష్ట్రం ప్రతిపాదించిన సాయాన్ని ఆమోదించింది. మసాచుసెట్స్‌లో కూడా ఆక్టన్ పట్టణపు చర్చికి ఇచ్చిన గ్రాంటుపై 2018లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, అది చరిత్ర రక్షణా, మత పోషణా అన్నది జాగ్రత్తగా పరీక్షించాలని చెప్పి, మతచిత్రాలున్న రంగుటద్దాల కిటికీలకు సొమ్ము చెల్లించకుండా ఆపింది.

కనుక మన నియమం ఇలా ఉండాలని నా అభిప్రాయం. నమాజు జరిగే హాలుకు, మింబరుకు, గుమ్మటానికి మన చేతి సొమ్మే పెడదాము. అది మన గౌరవం. బావి, కాలువ, ప్రహరీ, దీపం, నడకబాట, ఖననవాటిక, ఆటస్థలం పౌరసేవలు. అవి విజ్ఞాపనలుగా కాక హక్కుగా అడుగుదాము. హిందువుల శ్మశానానికీ, క్రైస్తవుల సమాధుల తోటకూ, మన ఖబరస్తాన్‌కూ ఒకే కొలమానం కోరుదాము. పక్క దళితవాడలో కాలువ లేకపోతే ముందుగా దానినే అడుగుదాము. ఒక్క మొహల్లా గొంతు వినిపించకపోవచ్చు. వార్డు మొత్తం మాట్లాడితే వినక తప్పదు.

మరొక అభ్యంతరం, పేదలపై కొత్త పన్ను ఎందుకని. ఉదాహరణకు ఏటా 10 కోట్ల ఆస్తిపన్ను వసూలయ్యే పట్టణంలో 3 శాతం రుసుము వేస్తే 30 లక్షలు వస్తాయి. చిన్న ఇళ్లను పూర్తిగా మినహాయించి, పెద్ద భవనాలు, వాణిజ్య సముదాయాల మీద మాత్రమే వేయవచ్చు. 30 లక్షలతో ఊరు మారదు. కానీ ఆరు ఖబరస్తాన్‌లను సర్వే చేయించవచ్చు, వందల కుటుంబాల పంపకపు దస్తావేజులకు న్యాయసహాయం ఇవ్వవచ్చు, ఒక పాత బావిని తోడించవచ్చు. ఆ కాగితాలు చేతికొచ్చాక పెద్ద పథకాల తలుపులు తెరుచుకుంటాయి.

చెయ్యవలసిన పనులు

ప్రతి జమాత్ ఈ ఏడాదిలోనే తన మొహల్లాలోని ఖాళీ స్థలాలు, ఖబరస్తాన్‌లు, పాత కట్టడాల జాబితా తయారు చెయ్యాలి. సర్వే నంబరు, గెజిట్ తేదీ, నేటి హద్దులు, ఫోటోలు అందులో ఉండాలి. ముతవల్లి దగ్గర ఒక ప్రతి, యువకుల దగ్గర మరొక ప్రతి ఉంచాలి.

హరిత పద్దు, లేఅవుట్ రుసుము, గ్రంథాలయ సెస్సు మీ వార్డులో ఎంత వసూలయింది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. సంఘంలోని న్యాయవాదులు శుక్రవారం నమాజు తరువాత ఒక గంట కేటాయించి, వారసత్వ పంపకాల కాగితాలు రాయించండి. ఆడబిడ్డల వాటాతో మొదలుపెట్టండి. పునరావాసం జరిగే చోట నివాసానికి దగ్గరలోనే ఇళ్లివ్వాలని లిఖితపూర్వకంగా కోరండి. రానున్న పురపాలక ఎన్నికలలో అభ్యర్థులను ఒక్కటే అడగండి: ఈ మూడింటికి ప్రత్యేక ఖాతా, బహిరంగ విచారణ జరిపే కమిటీ, ఏటా ముద్రించిన లెక్క ఇస్తారా? ఇస్తామన్నవారి మాటను రాతపూర్వకంగా తీసుకోండి.

వక్ఫ్ చేసినవారు తమ తరువాతి తరాల ముఖాలు చూడలేదు. అయినా వారి బావిలో నీళ్లు తాగాము, వారి నేలలో మన పెద్దలను పడుకోబెట్టాము. మనం కూడా చూడబోని పిల్లల కోసం నాలుగు గజాల ఖాళీ నేల, ఒక కప్పు, ఒక గుర్తు మిగల్చడం మన మీద ఉన్న అమానత్. ఆ అమానత్‌ను సక్రమంగా నెరవేర్చే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.